ఎన్క చక్రం

మూసాపేట్ రైలుగోడ పక్కన నా షెడ్డు.
రేకుల మీద వాన కంకర పోసినట్టు పడుతున్నది.
భ్రమరాంబ మేడం కారు దిగుతనే రెండు చెవులు మూసి చూపిచ్చింది:
"ఎన్కకెల్లి కీచుమంటది ఉస్తాద్.
బాలానగర్ చౌరస్తాల బ్రేకు తొక్కితె
ట్రాఫిక్ పోలీసాయన గూడ పండ్లు కొరుక్కున్నడు."

ఆశన్నకు ఆ కీచు తెల్వదు.
పుట్టుచెవుడు.
నేను కారును పదడుగులు నడిపిన,
వాడు డిక్కీ మీద అరచెయ్యి ఆనిచ్చి
వానల పక్కపొంటి నడిచిండు.
కుడిదిక్కు వేలు చూపిండు.
కొంచెం ఆగి, వేలు లోపలికి మడిచిండు:
కుడిది, లోపలి ప్యాడు.

ముప్పై ఏండ్ల నా చెవులు ఎడమ అన్నయి.

సరే, విప్పుదాం.
ముందు చక్రాలకు రాళ్లు పెట్టు,
హ్యాండ్ బ్రేకు దించు.
నట్లు నేల మీదున్నప్పుడే వదులు చెయ్యి.
జాకీని నమ్మకు, అది కిరాయి మనిషి,
స్టాండు పెట్టినంకనే చెయ్యి లోపల పెట్టు.
ఇవన్ని నేను చేతులతోని చెప్త,
చెప్పేలోపల వాడు చేసి నిలబడతడు.

బోల్టులు రెండు. కిందిది మొరాయించింది,
నూనె కొట్టి, ఒక చాయ్ తాగినంక వచ్చింది.
క్యాలిపర్‌ను రబ్బరు పైపుకు వేలాడనియ్యక
స్ప్రింగుకు తీగేసి కట్టిండు,
దెబ్బ తాకిన చెయ్యిని మెడకు కట్టినట్టు.

ప్యాడ్లు బయటికొచ్చినయి.
బయటిది ఇంక సగం ఉన్నది.
లోపలిది అరిగి అరిగి
ఇనుము ఇనుమును గీకుతున్నది.
వాడు నా దిక్కు చూడలే, నవ్వలే.
పానా తుడుచుకున్నడు.

తప్పు ప్యాడుది కాదు.
కింది పిన్ను తుప్పుకు బిగుసుకపోయింది,
జరగాల్సింది జరగలే,
బరువంత ఒక్కదాని మీదనే పడ్డది.
ఎమిరీ కాగితంతోని రుద్ది, గ్రీసు రాసి
వేలితోని నెడితె జారేదాంక వదలలే వాడు.
డిస్కు మీద ఉంగరాలు ఉంగరాలు గీతలు. అది మార్చాల్సిందే.
పాతది హబ్బును పట్టుకోని రాదు,
సుత్తెతోని నాలుగు దిక్కుల తట్టితె
ఐదో దెబ్బకు ఊడి కాళ్ల కాడ పడ్డది.

ఇగ పిస్టన్.
ముందు చక్రాలది నెడితె పోతది.
ఎన్కది అట్ల కాదు, లోపల హ్యాండ్ బ్రేకు మర ఉంటది.
ఇంతకుముందు పనిచేసిన జహంగీర్ క్లాంపు పెట్టి నెట్టిండు,
టప్పుమన్నది, నా రెండు నెలల కిరాయి పోయింది.
నొక్కుకుంట తిప్పాలె, తిప్పుకుంట నొక్కాలె,
దాని గాడి ప్యాడు బొడిపెకు సరిగ్గ ఎదురొచ్చేదాంక.
ఆశన్న కండ్లు మూసుకోని తిప్పుతడు.
నేనెప్పుడు అడగలే ఎందుకని.

బ్రేకు నూనె నల్లగున్నది,
ఇరానీ హోటల్ల రాత్రి పదింటికి మిగిలిన చాయ్ లెక్క.
కొత్తది పోసి గాలి తియ్యాలె.
దానికి ఇద్దరు కావాలె:
వాడు కింద నిప్పల్ కాడ, నేను సీట్ల.
"నొక్కు" అని వాడు అనలేడు.
"నొక్కిన" అని నేనంటె వినలేడు.
అందుకని రేకు మీద ఒక దెబ్బ కొడితె
నేను తొక్కి పట్టాలె.
రెండు కొడితె వదలాలె.
ఈ షెడ్ల వాడు చెప్పంగ నేను చేసే పని ఇదొక్కటే.
టక్. తొక్కిన.
కాలు మెల్లగ దిగిపోయింది.
టక్ టక్. వదిలిన.
టక్.
వాన చప్పుడుల ఏది వానో ఏది వాడో
ఒక్కోసారి నాకే తెల్వలే,
తప్పు తొక్కితె రెంచితోని డోరు మీద గట్టిగ కొట్టిండు.

రెండు గంటలకు మేడం ఒక చుట్టు కొట్టి వచ్చింది.
"అసలేం వినపడ్తలేదు ఉస్తాద్!"
చప్పుడు పోయిందని నేను చేతులతోని చెప్పిన.
ఆశన్న ఆమె దిక్కు చూడలే.
ఇంజను నడుస్తనే ఉన్నది, చక్రాలు మెల్లగ తిరిగి ఆగుతున్నయి,
వాడి అరచెయ్యి ముందు ఎడమ మడ్‌గార్డు మీద.
నన్ను చూసి, తల అడ్డంగ ఊపిండు.

"ఏమంటున్నడు?" అన్నది మేడం.
బేరింగు, అన్న.
"అయ్యో, అది వచ్చే నెల చూద్దాం" అని
పైసలు లెక్కబెట్టి ఇచ్చి అద్దం ఎక్కిచ్చుకున్నది.

కారు కదిలి పోయినంక గూడ
వాడు చెయ్యి దించలే.